మొసలికి ఎర

రాబర్ట్ ఫిన్లీ పాడిన 'బ్లాక్ బయూ' ఆల్బం 2023 అక్టోబర్‌లో వచ్చింది. పదకొండు పాటలు. ఇలాంటి ఆల్బంని మెచ్చుకునేవాళ్ళ దగ్గర రెండు మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒకటి 'స్వాంప్', అంటే చిత్తడి నేల, బురద. రెండోది 'సోల్'. తెలుగులో ఆత్మ, మా ఇళ్ళల్లో రూహ్. బురద వాసనకి సోల్ కలిపిన బ్లూస్ అని ఒక్క ముక్కలో తేల్చి అట్ట మీద అచ్చేసుకోవచ్చు. మేం ఆ ముక్క దగ్గరే ఆగాం. ఒకరి ఊరి బురద, ఒకరి రూహ్ అంగట్లో సరుకు పేర్లు ఎట్లా అయ్యాయి? ఆ పేర్ల కింద పడి ఉన్న మనిషి మాట మనకి వినపడుతున్నదా?

ముస్లిం అస్తిత్వం మీద వేస్తున్న పుస్తకంలో అమెరికా నల్లపాట ఎందుకని అడిగే మిత్రులుంటారు. ఈ ఆల్బం చివరి పాటలో ఫిన్లీ చేసిన పని ఒకటి ఉంది. అదే పని చేయాలా వద్దా అని మేం చాలా ఏళ్ళుగా మాలో మేం వాదులాడుకుంటున్నాం. అందుకని. అక్కడికి వస్తాం.

ముందు మనిషి. ఫిన్లీ పుట్టింది 1954లో. ఉత్తర లూసియానాలో బెర్నీస్ అనే చిన్న ఊరు అతనిది. ఇంట్లోవాళ్ళది పాలు సేద్యం. భూమి దొరది, విత్తనం దొర దగ్గర తెచ్చిన అప్పు, చెమట మాత్రం వీళ్ళది. పంట చేతికొచ్చాక లెక్క చూసేది మళ్ళీ దొరే. ఆ లెక్కలో అప్పు తప్ప వేరే ఏదీ మిగిలేది కాదు. 1865లో బానిసత్వం రద్దయ్యిందని చట్టం చెప్పాక దక్షిణాది నల్లవాళ్ళలో చాలామందికి దక్కిన స్వేచ్ఛ ఇదే. బూట్లు కొనుక్కోమని నాన్న ఇచ్చిన డబ్బుతో పదకొండేళ్ళ ఫిన్లీ గిటారు కొనుక్కున్నాడు. చర్చిలో పాడాడు. 1970లో సైన్యంలో చేరి జర్మనీ వెళ్ళాడు. హెలికాప్టర్ల పనికని వెళ్ళినవాడు అక్కడ సైనికుల బ్యాండులో గిటారు పట్టాడు. తిరిగొచ్చి వడ్రంగి అయ్యాడు. అరవై ఏళ్ళు వచ్చేసరికి గ్లకోమా చూపు మింగేసింది. కొలత కనపడని వడ్రంగికి పనెవరిస్తారు? 2015లో ఆర్కన్సా రాష్ట్రంలో హెలీనా అనే ఊరి వీధిలో గిటారు వాయిస్తుంటే, ముసలి కళాకారులకి చేయూతనిచ్చే 'మ్యూజిక్ మేకర్' సంస్థ వాళ్ళ చెవిన పడ్డాడు. మొదటి ఆల్బం 2016లో. అప్పటికి అతనికి అరవై రెండేళ్ళు.

ఇక్కడ 'కనుగొన్నారు' అని రాయడం రివాజు. యాభై ఏళ్ళుగా పాడుతున్న మనిషిని ఎవరో వచ్చి కనుగొనడం ఏమిటి? కొలంబస్ భాష అది. అట్లాగని ఆ సంస్థ చేసిన మేలుని చిన్నది చేయం. వాళ్ళు ఆగి వినకపోతే మనం కూడా వినేవాళ్ళం కాదు. కాకపోతే అరవై రెండేళ్ళు ఆ గొంతుని ఎవరు వినలేదో, ఎందుకు వినలేదో కూడా కథలో భాగమే. ఆ భాగం అట్ట మీద ఉండదు.

ఇప్పుడు బురద సంగతి. బయూ అంటే పారుతున్నదో నిలిచిపోయిందో తెలియనంత మెల్లగా కదిలే నీరు. ఆ నేల తొలి మనుషుల్లో ఒకరైన చోక్టా తెగవాళ్ళ మాట అది. లూసియానా ఫ్రెంచివాళ్ళ నోట నలిగి ఇట్లా మిగిలింది. 'స్వాంప్ బ్లూస్' అనే పేరు మాత్రం దక్షిణ లూసియానాలో 1950లు, 60లలో తయారైన రికార్డులది. క్రౌలీ అనే ఊళ్ళో జె.డి. మిల్లర్ అనే తెల్లవాడి స్టూడియో ఉండేది. స్లిమ్ హార్పో, లైట్నిన్ స్లిమ్, లేజీ లెస్టర్ అక్కడే పాడారు. నాష్‌విల్‌లోని ఎక్సెలో కంపెనీ ఆ రికార్డులు అమ్మింది. వణికే గిటారు, మౌతార్గాను, తొందర లేని దరువు. వాటిని విని ఇంగ్లండు కుర్రాళ్ళు మురిసిపోయారు. రోలింగ్ స్టోన్స్ తమ మొదటి ఆల్బంలోనే హార్పో పాట పాడుకున్నారు. అదే మిల్లర్, అదే 1960లలో, 'రెబ్ రెబెల్' అని ఇంకో లేబుల్ పెట్టి నల్లవాళ్ళని బూతులు తిట్టే, జాతి వేర్పాటుని పొగిడే పాటలు కూడా అచ్చేసి అమ్మాడు. ఇద్దరు మిల్లర్లు లేరు, ఒకడే. పాటని ప్రేమించడానికీ పాడినవాడిని మనిషిగా చూడటానికీ ముడి లేదన్నమాట. ఖవ్వాలీ అంటే చెవి కోసుకుంటాం, బిర్యానీ అంటే ప్రాణం పెడతాం, ఇల్లు మాత్రం మీవాళ్ళకి అద్దెకివ్వం అనేవాళ్ళ మధ్య బతుకుతున్న మాకు మిల్లర్ వింత మనిషేమీ కాదు.

ఇంకొక ముచ్చట. బయూ మీద పుట్టానని 1969లో ప్రపంచమంతా వినేలా పాడిన క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బ్యాండు కాలిఫోర్నియాది. పాట బాగుంటుంది, కాదనం. అయితే చిత్తడినేల అప్పటికే ఎవరైనా తొడుక్కోగల చొక్కా అయిపోయింది. లూసియానాలోనే పుట్టిన తెల్ల గాయకుడు టోనీ జో వైట్ పాట 'పోక్ సలాడ్ ఆనీ'లో పేదింటి పిల్ల నాయనమ్మని మొసలి తినేస్తుంది. వినేవాడికి అది నవ్వులాట. ఈ మొసలిని గుర్తు పెట్టుకోండి.

ఫిన్లీ ఆల్బం తయారైంది లూసియానాలో కాదు, నాష్‌విల్‌లో. నిర్మాత బ్లాక్ కీస్ బ్యాండుకి చెందిన డాన్ అవర్‌బాక్. ఒహాయో తెల్లవాడు, మిసిసిపి నల్లపాట మీద పెరిగినవాడు. గిటారు పట్టిన కెన్నీ బ్రౌన్ ఏళ్ళ తరబడి ఆర్.ఎల్. బర్న్‌సైడ్ పక్కన వాయించినవాడు. బేసు వాయించిన ఎరిక్ డీటన్‌దీ ఆ మిసిసిపి బాటే. అంటే చిత్తడి అని పేరు పెట్టిన ఈ ధ్వనిలో పెద్ద వాటా నిజానికి ఉత్తర మిసిసిపి గుట్టలది. ఒకే స్వరం చుట్టూ గానుగెద్దులా తిరుగుతూ, తిరిగేకొద్దీ మత్తెక్కించే పద్ధతి. దక్షిణ లూసియానా రికార్డుల్లోని తడి, ఆ ఖాళీ ఇందులో తక్కువ. ఫిన్లీ ఊరు ఉన్నది కూడా ఉత్తర లూసియానాలో, దేవదారు చెట్ల నేల మీద. చెప్పొచ్చేదేమంటే, ప్రాంతం పేరు పెట్టి అమ్మేటప్పుడు ప్రాంతాలు కలగాపులగం అయిపోతాయి. వినేవాడికి అన్నీ ఒకటే బురద.

అయినా ఆల్బం నిలబడింది. నిలబెట్టింది గొంతు. కింది స్థాయిలో రంపం పడినట్టు గరగరలాడే ఆ గొంతు ఉన్నట్టుండి సన్నగా పైకి లేస్తుంది. డెబ్భై దగ్గరపడిన మగవాడి గొంతులోంచి ఇంకెవరో తొంగి చూసినట్టుంటుంది. 'స్నీకిన్ అరౌండ్', 'మిస్ కిట్టీ' లాంటి పాటల్లో విషయం పాతదే, దొంగచాటు మోజులు. కాలు ఆడించడానికి పనికొస్తాయి, అంతకు మించి మాకేమీ మిగల్లేదు. 'కాంట్ బ్లేమ్ మి ఫర్ ట్రయింగ్' వేరు. అక్కడ సోల్ అనే మాటకి అర్థం దొరుకుతుంది. తోసేస్తారని తెలిసీ అడుగుతున్న మనిషి గొంతు అది, అడగడంలో సిగ్గు లేదు. ఇక 'నోబడీ వాంట్స్ టు బి లోన్లీ'. పిల్లలు తెచ్చి వదిలేసిపోయిన వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్ళ గురించి. బ్లూస్ ఒంటరితనం గురించి ఇప్పటికి ఎన్నివేల పాటలు పాడిందో. అందులో ఎక్కువ భాగం, ఆడది వదిలేసి పోయిందన్న మగవాడి గోల. వీల్‌చైర్లో కూచుని గుమ్మంవైపు చూసే ముసలమ్మ ఒంటరితనం ఆ లెక్కలోకి ఎప్పుడు వచ్చింది? తన ఈడువాళ్ళ గురించి, జాలి గొంతు పెట్టకుండా పాడగలిగాడు. ఈ ఆల్బంలో కూతురూ మనవరాలూ కూడా అతనితో గొంతు కలిపారు. ఆ పాట ఉన్న ఆల్బంలో ఆ గొంతులుండటం మామూలు విషయం కాదు.

ఒక పాట పేరు 'గాస్పెల్ బ్లూస్'. పేరులోనే కొట్లాట ఉంది. చర్చి పెద్దలు బ్లూస్‌ని సైతాను పాట అన్నారు. శనివారం రాత్రి పాడినవాడు ఆదివారం పొద్దున దేవుడి ముందు నోరెట్లా తెరుస్తాడని అడిగారు. చర్చి రాగానికి ఇహలోకపు మాటలు తొడిగి 1950లలో రే చార్లెస్ లాంటివాళ్ళు పాడినప్పుడు పుట్టిందే సోల్. అంటే సోల్ అనేది మతానికీ మనిషికీ మధ్య నడిచిన తగాదా నుంచి వచ్చింది. సంగీతం హరామ్ అనే మౌలానా ఒకపక్క, దర్గాలో ఖవ్వాలీ ఇంకోపక్క ఉన్న ఇళ్ళల్లోంచి వచ్చినవాళ్ళకి ఈ తగాదాని విప్పి చెప్పనక్కర్లేదు. ఫిన్లీ దాన్ని తీర్చే ప్రయత్నం చేయడు. రెండూ ఒకే గొంతుతో పాడి ఊరుకుంటాడు.

బ్లూస్‌కీ అజాన్‌కీ సంబంధం ఉందనే మాట మా మిత్రుల్లో కొందరికి ఇష్టమైన మాట. అది గాలి కబురేమీ కాదు. ఫ్రెంచి పాలనలో లూసియానాకి పట్టుకొచ్చిన బానిసల్లో మూడింట రెండు వంతులు సెనెగాంబియా ప్రాంతం వాళ్ళని గ్వెండొలిన్ మిడ్లో హాల్ 1992లో తన పుస్తకంలో చూపించింది. అక్కడ అప్పటికే ఇస్లాం ఉంది. ఫూతా జల్లోన్ రాజకుటుంబానికి చెందిన అబ్దుల్ రహ్మాన్ మిసిసిపి నది ఒడ్డున నాచెజ్‌లో నలభై ఏళ్ళు పత్తి దొర కింద బానిసగా ఉండి 1828లో విడుదలయ్యాడు. ఒమర్ ఇబ్న్ సయీద్ 1831లో తన బతుకుకథని అరబ్బీలో రాసుకున్నాడు. సిల్వియాన్ దియూఫ్ 1998లో 'సర్వెంట్స్ ఆఫ్ అల్లా' రాసింది. మిసిసిపి కరకట్టలు పోసిన నల్ల కూలీల కేకపాటల్లో, ఒక్క అక్షరాన్ని సాగదీసి వంపులు తిప్పే పద్ధతిలో అజాన్ పోలిక ఉందని చెప్పేవాళ్ళలో ఆమె ముఖ్యురాలు. గెర్హార్డ్ కుబిక్ కూడా 1999లో బ్లూస్ వేళ్ళని సహారా దిగువ పచ్చికబయళ్ళలో వెతికాడు. అక్కడి పాటకి అరబ్బీ-ఇస్లాం ప్రపంచంతో రాకపోకలున్నాయన్నాడు.

పోలికని మేం కాదనం. ఫిన్లీ గొంతు పైకి లేచి వణికిన చోట మా చెవి కూడా ఒక్క క్షణం మినారు వైపు తిరిగింది. కానీ అంతలోనే బ్లూస్ మనదే అని జెండా పాతడం మాకు నచ్చదు. నాచెజ్ పత్తి చేలో దెబ్బలు తిన్నది మేం కాదు. ఆ కేకలో ముస్లింలే కాదు, ఎన్నో తెగల, ఎన్నో నమ్మకాల మనుషులున్నారు. వాళ్ళందరినీ పక్కకి నెట్టి అజాన్ ఒక్కదాన్నే పైకి తీయడం కూడా మిల్లర్ చేసినలాంటి పనే, పాటని ఉంచుకుని మనిషిని వదిలేయడం. ఫిన్లీ చర్చి మనిషి. అతన్ని అట్లాగే వినాలి.

ఇక చివరి పాట. పేరు 'అలిగేటర్ బైట్', మొసలికి ఎర. పాట అనడం కంటే కథ చెప్పడం అనాలి. వెనక దరువు మెల్లగా నడుస్తుంటే మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోతాడు. చిన్న పిల్లవాడిని తాత నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తాడు. మొసలిని పట్టడానికి ఎర కావాలి. ఆ ఎర మనవడే.

ఈ కథ వెనక ఇంకో కథ ఉంది. 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది మొదట్లో దక్షిణాది పోస్టుకార్డుల మీద ఒక బొమ్మ అచ్చయ్యేది. బట్టల్లేని నల్ల పసిపిల్లలు, వాళ్ళ వెనక నోరు తెరిచిన మొసలి. కింద 'మొసలి ఎర' అని రాత. తెల్లవాళ్ళు వాటిని కొని చుట్టాలకి పంపుకునేవాళ్ళు. నిజంగా పిల్లల్ని అట్లా వాడారా అన్నదానికి గట్టి ఆధారాలు తక్కువ. కానీ ఆ బొమ్మని చూసి నవ్వారన్నదానికి ఆధారాలు మ్యూజియంల నిండా ఉన్నాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఆటపోటీల్లో 'గేటర్ బైట్' అని అరిచే అలవాటుని ఈ చరిత్ర కారణంగానే 2020లో మానిపించారు. అంటే మొన్నటిదాకా అరిచారు.

అట్లాంటి మాటని ఫిన్లీ చేతిలోకి తీసుకున్నాడు. మనం ఎదురుచూసే పాట ఏమిటి? తెల్లవాడు నల్లపిల్లని ఎర వేసిన పాట. అది పాడితే ఇబ్బంది లేదు. నేరం ఎవరిదో తెలుసు, చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలుసు. ఫిన్లీ అది పాడలేదు. ఎర వేసింది సొంత తాత అన్నాడు. జరిగిందా, కల్పించాడా, రెండూ కలిపాడా అన్నది తేల్చడం మా పని కాదు. ఎవరి ముందు చెప్పాడన్నదే మాకు పట్టింది. ఈ ఆల్బం కొనేవాళ్ళలో, కచేరీలకి వచ్చేవాళ్ళలో తెల్లవాళ్ళు తక్కువ కాదు. ఆ పాత పోస్టుకార్డు ఏ ఇళ్ళకి వెళ్ళిందో ఆ ఇళ్ళవాళ్ళ మనవలు వాళ్ళలో ఉండొచ్చు. 'చూశారా, వాళ్ళలో వాళ్ళే అట్లా చేసుకున్నారు' అని తలాడించడానికి ఈ పాట వీలిస్తుంది. వీలిస్తుందని తెలిసే చెప్పాడు.

దీనికి రెండేళ్ళ ముందు, 2021లో, ఫిన్లీ 'షేర్‌క్రాపర్స్ సన్' ఆల్బం తెచ్చాడు. పేరు పాటలో పాలుకు చేసిన తండ్రి కష్టం ఉంది, కొడుకు గర్వం ఉంది. మంచి పాట. అయితే అందులో బాధపెట్టినవాడు బయటివాడు, బాధపడినవాడు ఇంటివాడు. ఆ గీత చెరగదు. తాత పాటలో చెరిగింది. ఆకలి, దొర, అప్పు కలిసి ఒక నల్ల ముసలివాడిని ఎట్లాంటివాడిగా తయారుచేస్తాయో, అతని చేతిలో అతనికంటే బలహీనుడు ఏమవుతాడో ఫిన్లీ చెప్పాడు. చెప్పి తాతని క్షమించమనలేదు, శపించమనలేదు. ఎర వేసిన చేతిని మాత్రం చూపించాడు.

మేం రాసేటప్పుడు సరిగ్గా ఇక్కడే చేయి ఆగిపోతుంది. మసీదులో ఒకే వరసలో నిలబడి, పెళ్ళి సంబంధం దగ్గర మాత్రం దూదేకులని పక్కకి పెట్టే మాట రాద్దామా? మా ఇంటి ఆడవాళ్ళ నోటికి మేమే వేసిన తాళం గురించి రాద్దామా? రాస్తే ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు? మూడు తలాఖ్ మీద 2017లో సుప్రీంకోర్టు తీర్పు, 2019లో చట్టం వచ్చినప్పుడు చూశాం. ఎన్నో ఏళ్ళుగా మా అక్కచెల్లెళ్ళు మా చెవుల దగ్గర చెప్పుకున్న బాధని, వాళ్ళ మీద ఏనాడూ ప్రేమ లేనివాళ్ళు ఎత్తుకుని మా మీదికే విసిరారు. అందుకని 'ఇప్పుడు సమయం కాదు భాయీ' అనే పెద్దలున్నారు. వాళ్ళ భయం అబద్ధం కాదు. కానీ ఆ సమయం ఎప్పుడొస్తుందో వాళ్ళు చెప్పరు. ఈలోగా ఎర అయినవాడు నీళ్ళలోనే ఉంటాడు. సెక్యులర్ మిత్రులదింకో తీరు. మేం గాయాలు చూపిస్తే కంటతడి పెడతారు, మా ఇంటి తగాదా చెప్పుకుంటే 'మీరు భలే ధైర్యవంతులు' అని భుజం తడతారు. ఆ తట్టడంలో మా తాతల మీద తీర్పు కూడా ఉంటుంది. ఆ తీర్పు ఇచ్చే హక్కు వాళ్ళకి మేం రాసివ్వలేదు.

ఫిన్లీ ఈ చిక్కులోంచి ఎట్లా బయటపడ్డాడు? కథని కోర్టుకి సాక్ష్యంలా చెప్పకుండా, ఇంట్లో మాట్లాడే యాసలో, ఇంట్లో వాళ్ళకి చెబుతున్నట్టు చెప్పడం వల్ల అని మా అంచనా. వినేవాళ్ళు చుట్టూ కూచోవచ్చు, కానీ మాట వాళ్ళని ఉద్దేశించినది కాదు. వాళ్ళకోసం ఒక్క పదం కూడా విడమర్చడు.

అవర్‌బాక్ మీద మాకొక ఫిర్యాదుంది. అతని చెవి మంచిది. పాటల్లో చాలావాటిని ముందే రాసిపెట్టుకోకుండా స్టూడియోలోనే, అందరూ కూచుని వాయిస్తుండగా తయారుచేయించడం ఈ ఆల్బంకి ఊపిరిచ్చింది. కానీ అన్నిటి మీదా ఒకే రకం పాతదనం పూశాడు. కొత్త తలుపుని కాల్చి, గీకి, పురాతనం అని అమ్మినట్టు. 'లివిన్ అవుట్ ఎ సూట్‌కేస్'తో మొదలుపెట్టి వరసగా మూడు నాలుగు పాటలు వింటే ఎక్కడ ఏది ఆగిందో తెలియదు. సూట్‌కేసుతో ఊళ్ళు తిరిగే ముసలి గాయకుడి అలసటకి ఆ హుషారు నప్పలేదు కూడా. ఫిన్లీ ఒక్కడే, ఒక గిటారుతో, హెలీనా వీధిలో ఎట్లా వాయించి ఉంటాడో అట్లా, రెండు పాటలైనా ఉంటే బాగుండేది.

చివరి పాటకి మాత్రం ఆ పూత తక్కువ. వాయిద్యాలు వెనక్కి జరిగి అతనికి చోటిచ్చాయి. కొత్తగా వినేవాళ్ళు ముందు 'నోబడీ వాంట్స్ టు బి లోన్లీ' వినండి, తర్వాత నేరుగా అక్కడికి వెళ్ళండి. మిగతావి తీరిక ఉన్నప్పుడు వినొచ్చు.